నా భయం జోలికి రావద్దు

కళాకారుల్లో భయాన్నీ అనుమానాన్నీ వదిలిస్తామంటూ ఈ మధ్య కొందరు బయల్దేరారు. మొన్న ఒడిశా సరిహద్దులో ఉన్న మా పర్లాకిమిడిలోనూ శిబిరం పెట్టారు. అద్దె హాలు, ప్లాస్టిక్ కుర్చీలు, మధ్యాహ్నం పులిహోర. కళ్లు మూసుకుని, మన భయాన్ని బెలూన్ అనుకుని గాల్లోకి వదిలెయ్యమన్నారు. పక్కన కూర్చున్న హార్మోనియం మాస్టారు అమాయకంగా వదిలేశారు. నేను మాత్రం గట్టిగా పట్టుకుని ఇంటికి తెచ్చేసుకున్నాను. ఇరవై రెండేళ్లు పెంచుకున్నదాన్ని ఒక పొట్లం పులిహోరకి వదిలేస్తానా?

నేను కథలు రాస్తాను. నలభై ఒక్కటి ఉన్నాయి, మంచం కింద రేకు పెట్టెలో. అచ్చుకి వెళ్లినవి రెండే, ఆ రెండూ క్షేమంగా తిరిగొచ్చాయి. ఇది బద్ధకం అని మా ఆవిడ అభిప్రాయం. ఎంత అన్యాయం! బద్ధకస్తుడు మధ్యాహ్నం హాయిగా నిద్రపోతాడు. నేను అదే మంచం మీద, అదే సమయానికి, టెన్షన్‌తో పడుకుంటాను. శ్రమ ఎవరిదో చదువరులే తేల్చాలి.

పైగా మా భయం మామూలు భయం కాదు. విజయవాడ రచయితకి ఉండేది ఒక్కటే బెంగ, కథ బాగుందా లేదా అని. మాకు దానికి ముందే ఇంకోటి ఉంది: ఇది తెలుగేనా అని. మేం బడిలో చదివింది ఒడియా. కొట్టులో లెక్క ఒడియాలో, ఇంట్లో తిట్లు తెలుగులో. ఈ గట్టున మమ్మల్ని 'తెలెంగా' అంటారు. మహేంద్రతనయ నది దాటి ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వెళ్తే 'ఒడిశావోళ్లు' అంటారు. నా మొదటి కథ ఒక పత్రికవారు తిప్పి పంపుతూ 'మీ భాషలో ఒడియా వాసన' అని రాశారు. కాగితాలు ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను, కలరా ఉండల వాసన తప్ప ఏమీ తగల్లేదు. రెండో కథలో జాగ్రత్తపడి 'ఏటి' ఉన్న ప్రతిచోటా 'ఏమిటి' పెట్టి పంపాను. ఈసారి 'ప్రాంతీయ పరిమళం లోపించింది' అని వచ్చింది. మా ఊరు ఎప్పుడు వాసనేస్తుందో, ఎప్పుడు పరిమళిస్తుందో తేల్చే యంత్రం ఆ పత్రికాఫీసులోనే ఉన్నట్టుంది.

ఒడిశా వేరే రాష్ట్రమైంది 1936లో. తేదీ ఏప్రిల్ 1, నేను ఎంచుకున్నది కాదు. పర్లాకిమిడి అటు వెళ్లింది. అప్పటికి డెబ్బై దాటిన గిడుగు రామమూర్తి పంతులు ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఎవరి ఊళ్లో కూర్చుని 'ఏటి' అని రాయడానికి నేను వణుకుతున్నానో ఇప్పుడు తెలిసిందిగా.

ఆ పెద్దమనిషి 1880లో మా రాజావారి బళ్లో ముప్పై రూపాయల జీతం మీద మాస్టారుగా చేరారు. మాట్లాడే తెలుగే రాయాలని పండితుల మీదికి వెళ్లారు. గ్రాంథికమే గొప్పదన్నవాళ్ల గ్రాంథికంలోనే తప్పులు ఏరి చూపించారు. అది చాలనట్టు సవరలనే గిరిజనుల భాష నేర్చుకోవడానికి అడవులు పట్టి తిరిగారు. మలేరియా పట్టుకుంది, దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు మిగిలింది. సవర భాషకి ఆయన రాసిన వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చేసింది.

దీన్ని అందరూ ధైర్యం అంటారు. నాకు మాత్రం అసలు కిటుకు చెవుల్లోనే కనిపిస్తోంది. విమర్శ వినపడని మనిషికి భయమెందుకుంటుంది? నా చెవులు దిట్టంగా పనిచేస్తున్నాయి, రెండు వీధుల అవతల నవ్వినా నా కథ గురించే అని వినిపిస్తుంది. ఇంత ఆరోగ్యంతో సాహిత్యం ఎలా సాధ్యం?

ఆయన పుట్టినరోజు ఆగస్టు 29, తెలుగు భాషా దినోత్సవం. కిందటేడు ఒక సభలో వక్తగారు 'వ్యావహారిక భాషోద్యమ పితామహులకు వినమ్ర నివాళులు సమర్పించుకొనుచున్నాను' అన్నారు. చప్పట్లు కొట్టిన వాళ్లలో నేను ముందున్నాను. తర్వాత నన్ను మాట్లాడమన్నారు, గొంతు బాగోలేదన్నాను. నిజమే, నా గొంతులో 'ఏటి' ఉంది.

ఇక మా బావ సంగతి. బరంపురంలో మగ్గం. అక్కడ రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర. బుఢీ ఠాకురాణి అమ్మవారు దేరా నేతవారింటి ఆడపడుచు, పుట్టింటికి వస్తుంది. ఆ రోజుల్లో మొక్కుకున్నవాళ్లు వేషాలు కట్టి వీధుల్లో తిరుగుతారు. ఒకసారి మా బావ పులివేషం కట్టాడు. ఒంటినిండా పచ్చరంగు, నల్లచారలు, డప్పుల ముందు గంతులు. నిజం చెప్పాలంటే ఆ పులి కొంచెం పిల్లిలా ఉంది. తోక ఎడమకి వాలిపోయింది. నేనైతే ఆ తోక సరిచేసుకోవడానికే ఇంకో యాత్రదాకా ఆగేవాణ్ని.

మర్నాడు శిబిరంవారి పద్ధతిలోనే అడిగాను, "బావా, అంతమంది చూస్తుంటే నీకు భయమెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? చెమటకి చారలు కారిపోతాయేమోనని గుండె దడదడలాడింది."

"అది కాదు. బాగా ఆడుతున్నానా లేదా, నేను అసలు కళాకారుణ్నేనా అని..."

అతను నా కేసి జాలిగా చూశాడు. "మొక్కు నాది బావా. అమ్మవోరు మార్కులేస్తాదేటి?"

ఈ సమాధానంలో కళ పట్ల కనీస గౌరవం లేదని నా అభిప్రాయం. అంత సులువుగా గెంతేస్తే ఇక మా బోటివాళ్ల ఇరవై రెండేళ్ల వేదనకి విలువేముంటుంది?

పోయిన నెల అతను మా ఇంటికి వచ్చాడు. చెప్పు మంచం కిందికి దొర్లిపోతే వంగి వెతుకుతూ రేకు పెట్టె బయటికి లాగాడు.

"ఇదేటి బావా, ఇంత బరువు?"

"కథలు."

"ఇన్నా? ఏం మొక్కు?"

"మొక్కేం లేదు."

"మరైతే దాచీడమెందుకు?"

ఆ ప్రశ్నకి జవాబు రాస్తున్నాను. మూడో చిత్తు అయింది. 'దాచీడం' అని ఉంచాలా, 'దాచడం' అని మార్చాలా అన్నదొక్కటే ఇంకా తేలలేదు.