హారతి బజర్

మా ఇంటి కాలింగ్ బెల్ నొక్కితే ‘ఓం జై జగదీశ హరే’ మొదటి చరణం మొత్తం వస్తుంది. మధ్యలో ఆగదు. పాలవాడైనా, కొరియర్ కుర్రాడైనా చరణం పూర్తయ్యేదాకా మా గుమ్మం ముందు భక్తిగా నిలబడాల్సిందే. ఈ బెల్లు ఎక్కడిదండీ అని ఎవరైనా అడిగితే నేను మా ఆవిడ వైపు చూస్తాను. ఆవిడ డాలస్‌లో ఉన్న తన తమ్ముడి వైపు, అంటే గోడ వైపు చూస్తుంది.

మాది పర్లాకిమిడి. ఊరు దాటి కాస్త ముందుకెళితే పాతపట్నం, అంటే ఆంధ్ర. ఇవతల మేము ఒడిశాలో ఉండి తెలుగు మాట్లాడుకుంటాం, తిట్టుకోవాల్సి వస్తే రెండు భాషలూ వాడతాం. నేను బ్యాంకులో గుమాస్తాని. మా ఊళ్లో ఒక హైస్కూల్ హెడ్మాస్టరు గారు ఒడియా ఆయన. ఒకరోజు పాస్‌బుక్ ప్రింటింగ్‌కి వచ్చి, “ఆగ్యా, నాలుగు స్కూళ్లకి క్విజ్ పెడుతున్నాం. ప్రశ్నలు మీరు చదవాలి. మీకు రెండు భాషలూ వచ్చు. పైగా కౌంటర్ వెనకాల మాట్లాడితే మీ గొంతు రోడ్డు మీదికి వినిపిస్తుంది” అన్నారు. పొగడ్తే అనుకుని ఒప్పుకున్నాను.

అక్కడితో ఊరుకుంటే ఏ గొడవా లేకపోను. ఆ రాత్రి మా బావమరిదికి ఫోన్‌లో చెప్పాను.

“బావా, ఇంకా ఫలానా దేశం రాజధాని ఏది, ఎ బి సి డి అనే రకమేనా?” అన్నాడు. వాడి కూతురు అక్కడ స్కూలు జట్టులో ఆడుతుందట. దాన్ని క్విజ్ బౌల్ అంటారట. గంట సేపు చెప్పాడు. జట్టుకి నలుగురు. ప్రశ్న ఒక పేరా అంత ఉంటుంది. మొదటి వాక్యం ఆ సబ్జెక్టులో పండిపోయినవాడికి మాత్రమే అందే ఆధారం, తర్వాతది కాస్త తేలిక, అలా దిగుతూ దిగుతూ చివరి వాక్యానికి వచ్చేసరికి హాల్లో కునికిపాట్లు పడుతున్న తాతయ్య కూడా చెప్పేయగలగాలి. ఎవరికి ఎక్కడ వెలిగితే అక్కడ బజర్ నొక్కి చదివేవాడి నోరు మూయించవచ్చు. సరైన జవాబుకి పది మార్కులు. పక్కవాడిని అడగకూడదు. ప్రశ్న పూర్తి కాకుండా నొక్కి తప్పు చెబితే ఐదు మార్కులు కోత, మిగతా ప్రశ్న అవతలి జట్టు తీరిగ్గా వింటుంది. సరిగ్గా చెప్పినవాళ్లకి బోనస్ కింద మూడు చిన్న ప్రశ్నలు, ఒక్కోటి పది. అప్పుడు మాత్రం నలుగురూ గుసగుసలాడుకోవచ్చు.

“1953లో రేడియోలో కాలేజీ పిల్లలతో మొదలైంది బావా ఇది” అన్నాడు, తనే మొదలుపెట్టినట్టు. రేడియో క్విజ్ అంటే మాకు మాత్రం తెలీదా? 1972 నుంచి బోర్న్‌విటా క్విజ్ కాంటెస్ట్ రేడియోలోనే కదా వచ్చేది. ఇంట్లో బోర్న్‌విటా లేకపోయినా మేమందరం విన్నాం.

ఆ పేరా ప్రశ్న నాకు తెగ నచ్చింది. వెంటనే కూర్చుని ఒకటి రాశాను. ఇలా వచ్చింది: ‘బరంపురంలో పుట్టి భారత రాష్ట్రపతి అయిన వరాహగిరి వెంకటగిరి గారు...’ ఇక అడగడానికి ఏమీ మిగల్లేదు. మన చేతికి అలవాటైంది శుభలేఖ రాయడం. వరుడెవరు, ఎవరి మనవడు, ఏం చదివాడు అన్నీ మొదటి పేజీలోనే చెప్పేయాలి. చివర్లో ఉంచేది విందు ఎక్కడన్నది ఒక్కటే. దాన్ని తలకిందులు చేయడానికి నాకు ఒక సాయంత్రం, మూడు టీలు పట్టాయి. ముందు ఐర్లండ్‌లో లా చదువు, తర్వాత బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికులు, తర్వాత 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజాని ఓడించడం, తర్వాత 1969లో ఏ పార్టీ టిక్కెట్టూ లేకుండా రాష్ట్రపతిగా గెలవడం, అన్నిటికన్నా అడుగున బరంపురం. రాసుకున్నాక నాకే ముచ్చటేసింది.

అమెరికాలో ఒకసారికి రెండు జట్లే తలపడతాయట. హెడ్మాస్టరు గారు “నాలుగూ ఒకేసారి కానిచ్చేద్దాం ఆగ్యా, ముఖ్య అతిథి పన్నెండున్నరకి వెళ్లిపోతారు” అన్నారు. సరే అన్నాను. మిగిలింది బజర్లు.

మా వీధి చివర సౌండ్ సర్వీస్ కుర్రాడిని పిలిచాను. పెళ్లిళ్లకి మైకులు, సీరియల్ లైట్లు పెడతాడు. వాడికి లాకౌట్ అంటే ఏమిటో వివరించాను. ముందు నొక్కినవాడిదే మోగాలి, ఆ క్షణం నుంచి మిగతావాళ్లవి పనిచేయకూడదు, క్విజ్ బజర్ ప్రాణమంతా అందులోనే ఉంది అని.

“లాకౌటంటే జూట్ మిల్లులోది కదా సార్?” అన్నాడు.

“అది వేరు.”

“ఇదేటి సార్ ఇంత టెన్షను? బజరంటే మోగాల. మోగితే సాలు కదా? నాకొదిలీండి.”

వదిలేశాను. మర్నాడు పొద్దున్న చూస్తే నాలుగు బల్లల మీద నాలుగు స్విచ్చులు, నాలుగు తీగలు, గోడకి నాలుగు కాలింగ్ బెల్లులు. “అన్నీ ఒకేలా మోగితే ఎవులు నొక్కారో ఎలా తెలుస్తాది సార్? అందుకని నాలుగు రకాలు తెచ్చాను” అన్నాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. మొదటి జట్టుది డింగ్ డాంగ్. రెండో జట్టుది పిచ్చుక. మూడోది నొక్కితే ఒకావిడ హిందీలో ‘కృపయా దర్వాజా ఖోలియే’ అంటుంది. నాలుగోది హారతి.

పదిన్నరకి హాలు నిండింది. పిల్లలు, టీచర్లు, అమ్మానాన్నలు, ముందు వరసలో కుర్చీకి తువ్వాలు వేసి ముఖ్య అతిథి. ఆయన ముందు టీపాయ్ మీద బొరా ఘుగుని, అంటే గారెలు, బఠాణీ కూర. చిన్న క్లాసుల పిల్లలు అల్లరి చేస్తారని వెనక తలుపు మూసి అక్కడ అటెండరుని నిలబెట్టారు. నేను ఒక వాక్యం ఒడియాలో, అదే వాక్యం తెలుగులో చదవాలని ఏర్పాటు.

మొదటి ప్రశ్న గిరి గారిదే. “ఈయన చదువు కోసం 1913లో ఐర్లండ్ వెళ్లి...” అని ఒడియాలో అన్నానో లేదో హారతి మొదలైంది.

నాలుగో జట్టు కెప్టెన్ రెండు జడల అమ్మాయి. స్విచ్ మీద ఇంకా వేలు అలాగే ఉంది. ముఖ్య అతిథి చేతిలోని బొరా పళ్లెంలో పెట్టి, లేచి, కళ్లు మూసుకుని చేతులు జోడించారు. ఆయన లేచాక హెడ్మాస్టరు గారు కూర్చుంటారా? హెడ్మాస్టరు గారు లేచాక హాలు కూర్చుంటుందా? మూడు వందల మంది నిలబడ్డారు. నేను ఎలాగూ నిలబడే ఉన్నాను కాబట్టి కాగితం చంకలో పెట్టుకుని చేతులు జోడించాను. చరణం పూర్తయింది. అందరూ కూర్చున్నారు.

“అనీ బిసెంట్” అంది ఆ అమ్మాయి.

“తప్పు. ఐదు మార్కులు కోత. అయినా ఈయన అంటే ఆడవాళ్లు ఎలా అవుతారమ్మా?”

“ఒడియాలో ఈయన, ఈవిడ ఒకటే కదా అంకుల్! మీరింకా తెలుగులో చదవలేదు.”

నిజమే. ఒడియా సర్వనామానికి ఆడ మగ తేడా లేదు. మార్కుల పుస్తకంలో మైనస్ ఐదు వేశాను గానీ ఆ పిల్లకి మనసులో రెండు మార్కులిచ్చాను.

మూడో జట్టుతో ఇంకో తంటా. వాళ్లు నొక్కినప్పుడల్లా ఆ హిందీ ఆవిడ తలుపు తీయమని మర్యాదగా అడిగేది. అటెండరు పాతిక సంవత్సరాలు ఎవరేం చెప్పినా చేసిన మనిషి. వెంటనే తీసేవాడు. తీసినప్పుడల్లా పదిమంది చిన్నపిల్లలు లోపలికి తోసుకొచ్చేవారు. ప్రశ్న నంబర్ ఆరు అయ్యేసరికి ఒకటో తరగతి మొత్తం స్టేజీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

రెండో జట్టులో ఒక తెలుగు కుర్రాడు మంచి చురుకు. ఏడో ప్రశ్నకి పిచ్చుక కూసింది, వాడు లేచాడు, ఒడియా మాట టెన్షన్‌లో నోటికి రాలేదు, “చైనా గోడ!” అని అరిచాడు. ఒడియాలో గోడ అంటే కాలు. హాలు సగం చప్పట్లు కొట్టింది, సగం పొట్ట పట్టుకుంది. జడ్జి కుర్చీలో ఉన్న హెడ్మాస్టరు గారు మాత్రం గంభీరంగా “ఏ కాలు? ఎడమదా?” అన్నారు. పది మార్కులు ఇచ్చాం.

ఈలోగా రెండు జడల అమ్మాయి ఒక విషయం కనిపెట్టింది. బజర్ నొక్కాక ఐదు సెకన్లలో జవాబు చెప్పాలన్నది నియమం. కానీ హారతి జరుగుతుండగా జవాబు ఎవరు అడుగుతారు? కాబట్టి ఆ జట్టుకి ఐదు సెకన్లు హారతి అయ్యాక మొదలవుతున్నాయి. మిగతా మూడు జట్లకీ తలుపు తీసినంత సమయం, ఈ జట్టుకి ఒక చరణం. ఇక ఆ పిల్ల నేను నోరు తెరిస్తే చాలు నొక్కేసేది.

దానికే నేను నోరెళ్లబెడుతుంటే, పదో ప్రశ్నకి ఇంకో మెట్టు ఎక్కారు. “దీని నిర్మాణాన్ని తేల్చినందుకు మాక్స్ పెరుట్జ్ 1962లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇందులో ఇనుము ఉంటుంది...” హారతి మొదలైంది. అందరూ లేచారు. నలుగురు పిల్లలూ కళ్లు మూసుకుని హారతితో గొంతు కలిపారు. ముఖ్య అతిథి మురిసిపోయి, ఈ కాలంలో ఇంత భక్తి అన్నట్టు హెడ్మాస్టరు గారి వైపు చూశారు. నేను ఆ బల్లకి రెండడుగుల దూరంలో ఉన్నాను. నాకు మాటలు వినిపించాయి. చివర కూర్చున్న కళ్లద్దాల కుర్రాడు “ఓం జయ హిమోగ్లోబిన్ హరే” అని పాడుతున్నాడు. పక్కవాడు “స్వామీ, సరిగ్గా తెలుసా నీకు” అని అందుకున్నాడు. “రక్తంలో ఎర్రగా ఉండేదీ...” అని కళ్లద్దాలవాడు రాగం తీశాడు. హారతి ఆగింది. కెప్టెన్ కళ్లు తెరిచి, ఎంతో వినయంగా, “హిమోగ్లోబిన్” అంది.

మూడో స్కూల్ సైన్స్ మాస్టారు లేచి ఇది అన్యాయం, ఒకరినొకరు అడక్కూడదన్నారు కదా అన్నారు. హెడ్మాస్టరు గారు, “నిజమే ఆగ్యా. అయితే దేవుడి పాట పాడొద్దని పిల్లలకి మీరే ఒకసారి మైకులో చెప్పండి” అని మైకు చేతికిచ్చారు. మాస్టారు మైకు వైపు చూశారు, ముఖ్య అతిథి వైపు చూశారు, కూర్చున్నారు.

ఆఖరి ప్రశ్నకి మొదటి జట్టు, నాలుగో జట్టు సమానంగా ఉన్నాయి. నేను మా ఊరి ప్రశ్నే దాచి ఉంచాను. “ఈ మార్గంలో ఒకప్పుడు పట్టాల మధ్య దూరం 762 మిల్లీమీటర్లు...” ఈ ఊరి పిల్లలు ఇంకేం వింటారు? వాళ్ల తాతలు రోజూ చెప్పేది ఆ చిన్న రైలు కథే కదా. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి, 1931లో గుణుపురం దాకా. నాలుగు చేతులూ ఒకేసారి పడ్డాయి. డింగ్ డాంగ్ మంది, పిచ్చుక కూసింది, ఆవిడ తలుపు తీయమంది, అటెండరు తీశాడు, రెండో తరగతి లోపలికొచ్చింది, హారతి మొదలైంది, ముఖ్య అతిథి లేచారు. గోడ మీద బెల్లుల దగ్గర చిటపటమని నీలం మెరుపు కనిపించింది. ఫ్యాన్లు ఆగాయి. హారతి ‘భక్త జనోంకే సం...’ దగ్గర ఆగిపోయింది. ముఖ్య అతిథి కూర్చోవాలో వద్దో తెలియక సగంలో ఉండిపోయారు.

“ఫీజు పోనాది సార్” అన్నాడు సౌండ్ సర్వీస్ కుర్రాడు, ఎవరికీ తెలియనట్టు.

అప్పుడు ఆ సలహా ఇచ్చింది నేనే, దాచుకోవడం ఎందుకు. వరండాలో స్కూలు గంట ఉంది. గంటంటే వేలాడదీసిన రైలు పట్టా ముక్క, పక్కన ఇనప రాడ్డు. జట్టుకి ఒకరు పరిగెత్తి ఎవరు ముందు కొడితే వాళ్లు జవాబు చెప్పొచ్చు అన్నాను. రెండు జడల అమ్మాయి జడలు రెండూ గాల్లో ఉండగా అందరికన్నా ముందు చేరి, రాడ్డు తీసి, ఎందుకైనా మంచిదని ఏడెనిమిది దెబ్బలు వాయించింది.

టైం పన్నెండుంపావు. ఆ గంటకి ఆ స్కూల్లో ఒకటే అర్థం. ముందు ఒకటో తరగతి లేచింది, తర్వాత రెండో తరగతి, తర్వాత హాలు మొత్తం. ఎక్కడ దాచుకున్నారో పళ్లేలు బయటికొచ్చాయి. రెండు నిమిషాల్లో వంటషెడ్డు ముందు లైను. ఆ రోజు అన్నం, దాల్మా అనే కూరగాయల పప్పు, గుడ్డు. డింగ్ డాంగ్ జట్టు కూడా లైన్లోనే ఉంది. ముఖ్య అతిథి కూడా లేచారు, ఈసారి హారతికి కాదు.

నేను మార్కుల పుస్తకం పట్టుకుని ఆ పిల్లని వెతుక్కుంటూ లైను పొడవునా వెళ్లాను. పళ్లెంలో గరిటెతో దాల్మా పడుతుండగా నా వైపు తిరక్కుండానే, “నౌపడ గుణుపురం చిన్న రైలు అంకుల్” అంది. పది మార్కులు వేశాను. ఆ పేజీ మీద పసుపు మరక ఇప్పటికీ ఉంది.

బెల్లులు కొన్న షాపువాడు మూడు వాపసు తీసుకున్నాడు. హారతిది మాత్రం “వాడింది ఎలా తీసుకుంటానండీ” అన్నాడు. అది మా గుమ్మానికి ఎక్కింది. మా ఆవిడ మొదట్లో బాగుందంది. తెల్లవారుజామున ఐదింటికి పాలవాడు నొక్కితే మా నాన్నగారు నిద్రలోనే మంచం మీద లేచి కూర్చుని దండం పెట్టడం చూశాక ఏమీ అనడం మానేసింది.

మొన్న గణేశ్ పూజ ముందు ఆదివారం మధ్యాహ్నం బెల్ మోగింది. లేచి వెళుతుంటే బయట నాలుగు గొంతులు హారతితో కలిసి పాడుతున్నాయి. తలుపు దగ్గరికి వచ్చేసరికి మాటలు తెలిశాయి.

“ఓం జయ నూటపదహార్లు హరే...”

తలుపు తీశాను. రెండు జడలు, కళ్లద్దాలు, ఇంకో ఇద్దరు, చందా పుస్తకం. నా చేతిలో అప్పటికి యాభై నోటు ఉంది. మళ్లీ లోపలికి వెళ్లాను.