గోడ చెమ్మకు లోపలి పూత మందు కాదు

వానలు మొదలయ్యేసరికి కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సలహా ఏటా తిరుగుతూ ఉంటుంది. గదిలోపలి గోడకు చెమ్మ మచ్చ కనిపిస్తే పెచ్చులు గీకేసి, బ్లీచింగ్ పౌడరు, వెనిగర్ కలిపిన నీళ్లతో కడిగి, పైన పుట్టీ పెట్టి, వాటర్‌ప్రూఫ్ పెయింటు రెండు కోట్లు వేస్తే చెమ్మ శాశ్వతంగా పోతుందని, గదిలో గిన్నెడు ఉప్పు ఉంచితే మిగిలిన తేమను అదే లాగేస్తుందని, మేస్త్రీని పిలవడం దండగ ఖర్చని ఆ సలహా సారాంశం. చెమ్మతో విసిగిపోయినవారు, ముఖ్యంగా పెద్ద మరమ్మతుకు డబ్బు లేనివారు దీన్ని నమ్ముతున్నారు కాబట్టి, ఇందులోని ప్రతి మాటకూ విడివిడిగా జవాబు చెప్పవలసి ఉంది.

అన్నింటికన్నా ముందు ఖండించవలసింది బ్లీచింగ్ పౌడరును వెనిగర్‌తో కలపమన్న మాటను, ఎందుకంటే అది ప్రాణాల మీదికి తెచ్చే పని. బ్లీచింగ్ పౌడరు ఏ ఆమ్లంతో కలిసినా క్లోరిన్ వాయువు వెలువడుతుంది. చిన్న గదిలో మంచం పక్కకు జరిపి, గోడకు ముఖం ఆనించినంత దగ్గరగా కూర్చుని తోముతున్న మనిషి ఊపిరితిత్తులకు అది నేరుగా చేరుతుంది. నల్లగా బూజు పట్టిన చోట మాస్కు, చేతి తొడుగులు వేసుకుని, కిటికీలు తెరిచి, సబ్బునీళ్లతో తుడిచి ఆరనిస్తే సరిపోతుంది. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా పాకి ఉంటే మాత్రం గోడను ముట్టుకోకముందే ఆ గదికి కరెంటు ఇచ్చే మెయిన్ బోర్డు స్విచ్చును (ఎంసీబీ) ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి; అక్కడ పొదుపు చూసుకోకూడదు.

ఇక, చెమ్మ ఎక్కడ కనిపించినా వైద్యం ఒక్కటేనన్న ధోరణి ఆ సలహా అంతటా ఉంది. నీరు వచ్చే దారులు వేరైనప్పుడు మరమ్మతు ఒకటే ఎలా అవుతుంది? నేల నుంచి ఎగబాకే చెమ్మ సాధారణంగా గోడ అడుగున మొదలై 3, 4 అడుగుల ఎత్తులో ఆగిపోతుంది, ఆ అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. స్లాబు అంచున, కిటికీ సజ్జ దగ్గర, పిట్టగోడ కింద కనిపించే మచ్చ వాన పడ్డాక ముదిరి, నాలుగు రోజులు ఎండ కాస్తే పాలిపోతుంది. నడివేసవిలో కూడా ఆరని మచ్చ బాత్‌రూమ్‌కో వంటింటి సింకుకో అవతలి గోడ మీద ఉంటే, పైపునో గచ్చునో అనుమానించాలి. ఇవేవీ కాక గదిలోని గాలిలో ఉన్న ఆవిరే చల్లని గోడ మీద నీరుగా మారడం కూడా ఉంది. మన ఊళ్లలో అది ఏసీ గదుల్లో అప్పుడప్పుడు కనిపిస్తుంది, చలి దేశాల్లో కిటికీలు మూసి ఇంట్లోనే బట్టలు ఆరేసుకునే తెలుగు కుటుంబాలకు అదే ప్రధానమైన బెడద.

ఈ తేడాను కనిపెట్టడానికి యంత్రాలు అక్కరలేదు. మచ్చ ఉన్న చోట గోడ పైతడిని తుడిచి, జానెడు పాలిథిన్ ముక్కను నాలుగు అంచులా టేపుతో అంటించి రెండు రోజులు ఉంచితే, నీటి బిందువులు గది వైపు కనిపిస్తే తేమ గాలిలోదని, పాలిథిన్‌కు వెనుక, గోడ వైపు కనిపిస్తే అది గోడలో నుంచి వస్తోందని అర్థం. బాత్‌రూమ్ మీద అనుమానం ఉంటే, వీలైతే వారం పాటు దాన్ని వాడకుండా, కానీ దానికి నీరు వచ్చే వాల్వును తెరిచే ఉంచి చూడాలి. మచ్చ తగ్గుముఖం పడితే లోపం టైల్స్ సందుల్లోనో నహానీ ట్రాప్ (నేల మీది నీరు పోయే జాలీ గుంట) చుట్టూనో, లేదా వాడిన నీరు పోయే గొట్టంలోనో ఉంటుంది. ఏమాత్రం తగ్గకపోతే గోడలో నుంచి పోయే నీటి పైపును ప్లంబర్‌కు చూపించాలి. ఈ పరీక్ష చేయకుండా టైల్స్ అన్నీ పగలగొట్టించుకున్నవారు ఎందరో ఉన్నారు.

ఆ సలహాకు ఆయువుపట్టు వాటర్‌ప్రూఫ్ పెయింటు. ఇటుకలోనూ సిమెంటు పూతలోనూ ఉండే సన్నని రంధ్రాల గుండా నీరు ప్రయాణించి, గాలి తగిలే వైపు ఆవిరైపోతుంది. లోపలి ముఖాన్ని రంగుతో మూసేసినంత మాత్రాన వెనుక నుంచి వచ్చే నీరు మానదు. అది ఆ పొర వెనుకే నిలిచి, నేల నుంచి వచ్చే చెమ్మ అయితే ఇంకా పైకి పాకుతుంది. నీటితో పాటు వచ్చిన లవణాలు పొర వెనుక స్ఫటికాలుగా గట్టిపడుతూ దాన్ని ముందుకు తోస్తాయి. కొన్నాళ్లకు రంగు మీద రూపాయి బిళ్లంత బుడగలు లేస్తాయి, గోటితో గీరితే పగిలి లోపలి నుంచి తెల్లటి పొడి రాలుతుంది, రంగుతో పాటు ఈసారి గోడ సిమెంటు పూత కూడా ఊడి వస్తుంది. డాబా మీద, బయటి గోడ మీద, అంటే నీరు తగిలే వైపు వేసినప్పుడు ఇలాంటి పూతలు బాగానే పనిచేస్తాయి. సెల్లారు గోడలకు లోపలివైపు వేసే సిమెంటు రకం పూతలు కూడా ఉన్నాయి, కానీ అవి గట్టి కాంక్రీటును పట్టుకుని నిలుస్తాయే గాని పెచ్చులూడే ఇటుక గోడ పూత మీద నిలవవు. సున్నంతోనో మట్టితోనో కట్టిన పాత ఇళ్లకు ఈ రంగుల వల్ల, వాటితో పాటు గట్టి సిమెంటు పూత వల్ల ఇంకా ఎక్కువ నష్టం జరుగుతుంది. ఆ గోడలకు ఆవిరిని పోనిచ్చే సున్నపు పూతే తగినది.

ఉప్పు గిన్నె సంగతి రెండు మాటల్లో తేల్చవచ్చు. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు ఉప్పు కొంత ఆవిరిని పీల్చుకుని చెమర్చే మాట నిజమే. గోడలో ఇంకిన నీటికి దానితో సంబంధం లేదు.

మేస్త్రీని పిలవడం దండగన్న మాటకు వస్తే, ఏటా రంగు కొని వేయడం కన్నా ఒక్కసారి కారణాన్ని సరిచేయడమే చవక, పైగా చాలా ఇళ్లలో ఆ కారణం గోడకు బయట కళ్ల ముందే ఉంటుంది. ఇంటి పునాది మట్టం, అంటే లోపలి గచ్చు ఎత్తు, చుట్టుపక్కల నేల కన్నా కనీసం 45 సెంటీమీటర్లు ఎత్తున ఉండాలని మన దేశపు భవన నిర్మాణ ప్రమాణాల సంపుటి నేషనల్ బిల్డింగ్ కోడ్ చెబుతోంది. పాత రోడ్డును తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేస్తూ పోయిన మన వీధుల్లో, గోడకు ఆనించి మట్టి పోసి పూలమొక్కలు పెంచిన పెరళ్లలో ఆ ఎత్తు ఏనాడో కరిగిపోయింది. గోడను ఆనుకున్న మట్టిని పునాది మట్టానికి జానెడు కిందికి తవ్వి తీసేసి, వాననీరు గోడ నుంచి అవతలికి పారేలా వాలు కల్పించడం చాలా చోట్ల ఒకరోజు కూలితో అయ్యే పని. డాబా మీద నీరు పోయే గొట్టం మూతిలో ఆకులు తీయడం, పిట్టగోడ పగుళ్లు పూడ్చడం, టైల్స్ సందులు పూడ్చే గ్రౌట్ ముద్దను మళ్లీ నింపడం కూడా అలాంటివే. ఇవన్నీ చేశాకా చెమ్మ ఎగబాకుతూనే ఉంటే, అప్పుడు గోడ అడుగున రంధ్రాలు చేసి చెమ్మను అడ్డుకునే రసాయనం ఎక్కించే ఖర్చు గురించి ఆలోచించాలి.

కారణం తొలగిన మర్నాడే రంగు వేయకూడదు. తడిసిన ఇటుక గోడ ఒకవైపు నుంచి ఆరడానికి మందంలో అంగుళానికి నెల పడుతుందని ఒక ఉజ్జాయింపు లెక్క. మన ఎండలకు కొంత ముందే ఆరవచ్చు. అంటే జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడిసిన గోడకైనా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలుండే నెల్లూరు వైపు గోడకైనా రంగు పనిని మార్చి-ఏప్రిల్ నెలల దాకా వాయిదా వేసుకోవడం మంచిది. ఈలోగా మచ్చ అంచుకు అడుగు పైదాకా వదులైన పూతను చెక్కించి, ఉప్పును నీళ్లతో కడగకుండా (కడిగితే అది మళ్లీ గోడలోకే ఇంకుతుంది) పొడి బ్రష్‌తో దులిపి చేటలోకి ఎత్తి పారబోస్తూ ఉండాలి. ఉప్పు రాలడం ఆగి, రెండు రోజులు అంటించిన పాలిథిన్ వెనుక తడి కనిపించనప్పుడు కొత్త పూత వేయించి, అదీ ఆరాక ఆవిరిని పోనిచ్చే మామూలు సున్నమో డిస్టెంపరో వేసుకోవచ్చు.