పాటకు లేని కంచె గొంతుకెందుకు?

అమెరికన్ గాయకుడు జెర్రీ లీ లూయిస్ 1967లో స్మాష్ అనే రికార్డు కంపెనీకి ‘సోల్ మై వే’ అనే ఆల్బమ్ చేశాడు. సోల్ అంటే నల్లజాతి వారిదని ముద్రపడిన సంగీతం, కంట్రీ అంటే తెల్లవారిదని ముద్రపడిన దక్షిణాది సంగీతం. ఎవరూ పట్టించుకోలేదు. మరుసటి ఏడాది అదే కంపెనీకి ‘అనదర్ ప్లేస్, అనదర్ టైమ్’ అనే సిసలైన కంట్రీ పాట పాడితే, అది కంట్రీ చార్టులో, అంటే ఆదరణను బట్టి పాటలకు ర్యాంకులిచ్చే పట్టికలో, నాలుగో స్థానం దాకా వెళ్లింది. కంట్రీ గాయకుడికి సోల్ అచ్చిరాలేదని, తన గూటికి తిరిగొచ్చాకే బాగుపడ్డాడని అప్పటి నుంచీ సంగీత చరిత్ర రాసేవాళ్లు తీర్పు చెబుతూనే ఉన్నారు. ఈ తీర్పు తప్పు. అరవైల్లో సోల్ వైపు నడిచిన కంట్రీ గాయకులకు గొంతు అడ్డం రాలేదు, చార్టు అడ్డం వచ్చింది. ఒకే పాటను అటూ ఇటూ తిప్పి రెండు వైపులా డబ్బు చేసుకున్న పరిశ్రమ, ఆ పాట పాడిన మనిషిని మాత్రం కంచె దాటనివ్వలేదు.

పాట ఎంత సులువుగా దాటిందో చూడండి. నల్లజాతి గాయకుడు రే చార్ల్స్ 1962లో కంట్రీ పాటలతో దేశాన్ని ఊపేసిన సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ‘ఐ కాన్ట్ స్టాప్ లవింగ్ యూ’ రాసినవాడు కంట్రీ గాయకుడు డాన్ గిబ్సన్, హక్కులు కంట్రీ సంగీతానికి రాజధాని లాంటి నాష్‌విల్‌లోని అకఫ్-రోజ్ ప్రచురణ సంస్థవి. అంతకు ఏడాది ముందే సోల్ గాయకుడు సాలమన్ బర్క్ ‘జస్ట్ అవుట్ ఆఫ్ రీచ్’ అనే కంట్రీ పాటతో పేరు తెచ్చుకున్నాడు. సోల్ గాయకుడు జో టెక్స్ వెనక నిలబడి రికార్డులు చేయించిన బడ్డీ కిలెన్, నాష్‌విల్‌లో ట్రీ పబ్లిషింగ్ నడిపినవాడు. హార్లన్ హోవర్డ్ రాసిన ‘ద చోకిన్ కైండ్’ని 1967లో కంట్రీ గాయకుడు వేలన్ జెన్నింగ్స్ పాడితే కంట్రీ చార్టుకెక్కింది. రెండేళ్లకు సోల్ గాయకుడు జో సైమన్ పాడితే ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) చార్టులో ఒకటో స్థానం. హోవర్డ్‌కు రెండు వైపుల నుంచీ రాయల్టీ వచ్చింది. వేలన్ ఆర్ అండ్ బీ వైపు వెళ్లలేదు, సైమన్‌ను కంట్రీ రేడియో తనవాడనుకోలేదు.

ఇలా జరగడం వెనక ఒక యంత్రాంగం ఉంది. అప్పట్లో కంట్రీ చార్టుకు ఆధారం కంట్రీ స్టేషన్లు, ఆ శ్రోతలు కొనే దుకాణాలు. ఆర్ అండ్ బీ చార్టుకు ఆధారం నల్లజాతి శ్రోతల స్టేషన్లు, ఆ పేటల్లోని దుకాణాలు. కంపెనీలో ప్రచారం చేసే మనుషులు కూడా వేరు వేరు. 45 ఆర్‌పీఎం రికార్డును (వైపుకు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) ఏ జాబితాకు పంపాలో పాట ఎలా ఉందో విని నిర్ణయించేవారు కాదు, పాడినవాడి ఫొటో చూసి నిర్ణయించేవారు. తెల్లవాడు సోల్ పాడితే కంట్రీ డీజే పక్కన పెడతాడు, ఆర్ అండ్ బీ డీజే దాకా ఆ రికార్డు చేరనే చేరదు. ఇక మిగిలేది పాప్ చార్టు. అక్కడ బీటిల్స్‌తో పోటీ.

రాయ్ హెడ్ అనుభవమే ఇందుకు రుజువు. టెక్సస్‌కు చెందిన ఈ తెల్ల గాయకుడి ‘ట్రీట్ హర్ రైట్’ 1965లో పాప్ చార్టులోనూ, ఆర్ అండ్ బీ చార్టులోనూ రెండో స్థానానికి చేరింది. కారణం సూటిగా కనబడుతోంది. ఆ రికార్డు వేసిన బ్యాక్ బీట్ లేబుల్ హ్యూస్టన్‌లోని నల్లజాతి వ్యాపారి డాన్ రోబీది. ఆయన రికార్డులకు ఆర్ అండ్ బీ స్టేషన్ల తలుపులు అప్పటికే తెరిచి ఉన్నాయి. దారి దొరికితే శ్రోత రంగు అడగలేదు. జెర్రీ లీ ‘సోల్ మై వే’లో పాడిన పాటల్లో ఇదీ ఒకటి. పాట అదే, దారి వేరు, ఫలితం వేరు.

గొంతు సంగతికి వద్దాం. కంట్రీ గాయకుడు సోల్ పాడాలంటే ఏం మారాలి? అనుకున్నంత ఏమీ లేదు. కంట్రీ వాల్ట్జ్‌లో ఆవర్తానికి మూడు దెబ్బలు. నాలుగు ఆవర్తాలు కలిస్తే పన్నెండు. ఆ పన్నెండునూ నాలుగు దెబ్బల తాళంలో తిశ్ర నడకగా వేయండి, పియానో కుడిచేత్తో మూడేసి స్వరాలు మోగించండి, 12/8 వచ్చేస్తుంది. నెమ్మదైన సోల్ పాటకు ఊపిరి ఈ లయే. ‘టెనెసీ వాల్ట్జ్’ను 1966లో సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ తనదిగా చేసుకోగలిగాడంటే ఎముకల గూడు ఒకటే కాబట్టి. మోసం, తాగుడు, ఆదివారం చర్చిలో పశ్చాత్తాపం: కథావస్తువులూ రెండింటికీ ఉమ్మడివే.

అసలు తేడా కింద ఉంటుంది, బేస్‌లో, డ్రమ్స్‌లో. కంట్రీ బేస్ ఒకటో దెబ్బకు షడ్జమం, మూడో దెబ్బకు పంచమం పట్టుకుని ఊగుతుంది. నాష్‌విల్‌లో దాని మీద ఆరు తంతుల బేస్ గిటారును ‘టిక్-టాక్’ అని కలిపి అంచు తెచ్చేవారు. సోల్ బేస్ అలా కుదురుగా ఉండదు. దెబ్బకు ముందో వెనకో పలుకుతుంది, మధ్యలో ఖాళీ వదులుతుంది. స్నేర్ డ్రమ్ దెబ్బ రెండు, నాలుగు దెబ్బల మీద పడాలి, అదీ వెంట్రుకవాసి ఆలస్యంగా. 1965లో మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో ‘ఇన్ ద మిడ్‌నైట్ అవర్’ రికార్డు చేస్తున్నప్పుడు గిటారిస్టు స్టీవ్ క్రాపర్, డ్రమ్మర్ ఆల్ జాక్సన్ ఆ ఆలస్యాన్ని పట్టుకున్నారు. దక్షిణాది సోల్ నడకే దాంతో మారింది.

నాష్‌విల్‌లో చేసిన సోల్ ప్రయోగాలు చాలావాటికి దెబ్బ తగిలింది ఇక్కడే. కంట్రీ సంగీతానికి పేరుమోసిన గ్రాండ్ ఓల్ ఆప్రీ కార్యక్రమ వేదిక మీదికి డ్రమ్స్‌ను రానివ్వడానికే ఏళ్లు పట్టిన ఊరది. మిక్సింగ్‌లో డ్రమ్స్ వెనక్కి పోయేవి. సెషన్ మూడు గంటలు, ఆ మూడు గంటల్లో మూడు నాలుగు పాటలు పూర్తి కావాలి. స్వరసంగతులను (కార్డ్స్) ఒకటి, నాలుగు, అయిదు అని అంకెలుగా రాసుకుని చకచకా వాయించే పద్ధతి కంట్రీకి వరం. సోల్‌కు అది చాలదు. వాద్యకారులు ఒకరి ఊపిరి ఒకరు పట్టుకునేదాకా ఒకే పాటను మళ్లీ మళ్లీ వాయించాలి. ఆ పని జరగకుండా పైన ట్రంపెట్లు, శాక్సఫోన్లు అద్దితే రంగు వస్తుంది, ఊపు రాదు. అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఉన్న ఫేమ్ స్టూడియోలో, మెంఫిస్‌లోని అమెరికన్ సౌండ్ స్టూడియోలో ఒక పాట మీద గంటలు గంటలు కూర్చునేవారు. తేడా గాయకుడిలో లేదు, గడియారంలో ఉంది.

గాయకుడి వైపు నిజమైన చిక్కు ఒక్కటే. కంట్రీ పాట కథ చెబుతుంది. చివరి పాదంలో మలుపు, రెండున్నర నిమిషాల్లో ముగింపు. అందుకే హల్లులు స్పష్టంగా పలకాలి, గమకం పొదుపుగా వాడాలి. సోల్ పాటలో కథ అయిపోయాకే అసలు పని మొదలవుతుంది. రెండు స్వరసంగతుల మీద పాట తిరుగుతూ ఉంటుంది, గాయకుడు అచ్చులు సాగదీసి బతిమాలాలి, ఒకే మాటను పదిరకాలుగా అనాలి. కథ చెప్పి చేతులు దులుపుకునే అలవాటున్నవాడు అక్కడ తడబడతాడు. కొందరు భయంతో ప్రతి అక్షరానికీ గమకం వేసి పాటను పాడుచేశారు. తెలిసినవాళ్లు మాత్రం ఉన్న గొంతునే నమ్ముకుని, పాట చివర ఒక్క పాదాన్ని వదిలేసి మౌనంతో పని చేయించారు.

తెలిసినవాళ్లలో అందరికన్నా పైమెట్టు చార్లీ రిచ్‌ది. ఆర్కాన్సా పత్తి చేల మధ్య పుట్టి, జాజ్ మీద ప్రాణం పెట్టుకున్న పియానో వాద్యకారుడు. 1965లో డాలస్ ఫ్రేజియర్ రాసిన ‘మోహేర్ సామ్’ పాప్ చార్టులో 21కి చేరింది. తర్వాత మెంఫిస్‌లో హై రికార్డ్స్‌కు వెళ్లాడు. నిర్మాత విలీ మిచెల్ పనిచేసిన కంపెనీ, డెబ్బయిల్లో సోల్ గాయకుడు ఆల్ గ్రీన్ రికార్డులన్నీ వచ్చిన చోటు. అక్కడ ఐజాక్ హేస్, డేవిడ్ పోర్టర్ రాసిన ‘వెన్ సమ్‌థింగ్ ఈజ్ రాంగ్ విత్ మై బేబీ’ పాడాడు. సోల్ జంట సామ్ అండ్ డేవ్ పాడింది లోకానికంతా తెలుసు. రిచ్ పాడింది వినండి. అరుపు లేదు, ఆర్భాటం లేదు, పై స్థాయికి వెళ్లాల్సిన చోట గొంతు దించి మాటను లోపలికి లాక్కుంటాడు. దీన్ని అనుకరణ అనేవాళ్లు రెండోసారి వినలేదనే నా నమ్మకం. హైలో ఉన్నంతకాలం అతనికి హిట్ లేదు. 1973లో ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’ కంట్రీ చార్టులో ఒకటో స్థానానికి వెళ్లింది. మారింది రికార్డు మీది ముద్ర.

ఆ పాట తీర్చిదిద్దిన బిల్లీ షెరిల్ ఎవరు? 1959 ప్రాంతంలో అలబామాలో రిక్ హాల్, టామ్ స్టాఫర్డ్‌లతో కలిసి ఫేమ్‌ను మొదలుపెట్టిన ముగ్గురిలో ఒకడు. సోల్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ 1967 జనవరిలో ‘ఐ నెవర్ లవ్డ్ ఎ మ్యాన్’ పాడిన ఫేమ్ అదే. అక్కణ్నుంచి నాష్‌విల్ వెళ్లిన షెరిల్ ‘ఆల్మోస్ట్ పర్‌స్వేడెడ్’ అనే కంట్రీ పాట ఇస్తే సోల్ గాయని ఎటా జేమ్స్ అందుకుంది. కంట్రీ గాయని టామీ వైనెట్‌తో కలిసి రాసిన ‘స్టాండ్ బై యువర్ మ్యాన్’ను 1970లో సోల్ గాయని కాండీ స్టేటన్ మళ్లీ ఫేమ్‌లోనే పాడింది. కంట్రీకి గుండెకాయ అని చెప్పుకునే పాట కంట్రీ ఎంతో, సోల్ ఎంతో విడదీసి చూపించండి, చూద్దాం.

తెల్లవాళ్లు నల్లవాళ్ల సంగీతాన్ని కాజేశారని, ఈ గాయకులూ అందులో భాగమేనని ఒక వాదన ఉంది. దోపిడీ జరిగింది, కాదనడం లేదు. స్టూడియోలు, హక్కులు, లాభాలు ఎక్కువగా తెల్లవాళ్ల చేతుల్లోనే ఉన్నాయి. 1968 ఏప్రిల్ 4న మెంఫిస్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగాక ఆ కోపం బాహాటంగా బయటపడింది, అది న్యాయమైన కోపం. కానీ ఆ లెక్క తేల్చాల్సింది కంపెనీలతో. హైలో సోల్ పాడి చార్టులో చోటు కూడా దక్కని చార్లీ రిచ్ మీద నేరం మోపితే, రెండు సంగీతాలూ పుట్టుకతో వేరన్న కంపెనీ అబద్ధాన్నే మనం మళ్లీ చదివినట్టు.

ఆ అబద్ధానికి పుట్టిన తేదీలున్నాయి. 1920లలో ఓకే వంటి కంపెనీలు ఒకే దక్షిణాది సంగీతాన్ని ‘రేస్’ అనీ, ‘హిల్‌బిల్లీ’ అనీ రెండు జాబితాలుగా చీల్చాయి. 1949లో బిల్‌బోర్డ్ పత్రిక ‘రేస్’ బదులు ‘రిథమ్ అండ్ బ్లూస్’ అన్నది. ఆ పేరు సూచించిన జెర్రీ వెక్స్‌లరే తర్వాత అట్లాంటిక్ కంపెనీ తరఫున మజిల్ షోల్స్‌లో తెల్ల వాద్యకారులతో గొప్ప సోల్ రికార్డులు చేయించాడు. 1963 నవంబరు చివర బిల్‌బోర్డ్ ఆర్ అండ్ బీ చార్టునే ఆపేసి, 1965 జనవరిలో మళ్లీ మొదలుపెట్టింది. పుట్టుకతోనే వేరైన సంగీతమైతే పద్నాలుగు నెలలు చార్టు లేకుండా ఎలా నడిచింది?

కంచె అటు నుంచి దాటినవాళ్లను ఇంకా గట్టిగా కొట్టింది. లిండా మార్టెల్ 1969లో విన్‌స్టన్స్ బృందం సోల్ పాట ‘కలర్ హిమ్ ఫాదర్’ను కంట్రీగా పాడితే కంట్రీ చార్టులో 22వ స్థానం వచ్చింది. గ్రాండ్ ఓల్ ఆప్రీలో ఏకగాయనిగా పాడిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆమెతో రికార్డు చేయించిన లేబుల్ పేరు ‘ప్లాంటేషన్’, అంటే బానిసలతో పని చేయించిన తోటల పేరే. 1970లో ఒక్క ఆల్బమ్, అంతటితో ఆమె కంట్రీ ప్రయాణం ఆగిపోయింది. అదే 1969లో ఎల్విస్ ప్రెస్లీ అమెరికన్ సౌండ్‌లో ఎడీ ఆర్నల్డ్ కంట్రీ పాటనూ, జెర్రీ బట్లర్ సోల్ పాటనూ ఒకే ఆల్బమ్‌లో పాడి జేజేలు అందుకున్నాడు. ఎల్విస్‌ను ఏ అరలో పెట్టాలని అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

ఇదంతా పాత గొడవ అనుకుంటున్నారా? 2019 మార్చిలో నల్లజాతి ర్యాపర్ లిల్ నాస్ ఎక్స్ పాట ‘ఓల్డ్ టౌన్ రోడ్’ను బిల్‌బోర్డ్ కంట్రీ చార్టు నుంచి తీసేసింది. 2024లో బియాన్సే ఆల్బమ్ ‘కౌబాయ్ కార్టర్’లో లిండా మార్టెల్ గొంతు వినిపించింది. ఆ ఏడాది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఆల్బమ్‌కు ఒక్క నామినేషన్ కూడా ఇవ్వలేదు. 2025 ఫిబ్రవరిలో దానికే గ్రామీల్లో ఉత్తమ కంట్రీ ఆల్బమ్ అవార్డు వచ్చింది. నాలుగు నెలలు గడిచాయో లేదో, గ్రామీలు ఇచ్చే రికార్డింగ్ అకాడమీ ఆ విభాగాన్ని సంప్రదాయ కంట్రీ, సమకాలీన కంట్రీ అని రెండుగా విడగొట్టింది.