ఆ రింగును కాస్త వదులు చేయండి మహాప్రభో!

సర్దుబాటు చోక్, అంటే రింగు తిప్పి గొట్టం మూతిని ఇరుకుగానో వదులుగానో చేసే పరికరం, బిగించిన షాట్‌గన్ ఎవరి చేతిలో కనిపించినా నా కళ్ళు ముందు ఆ రింగు మీదికే పోతాయి. చాలాసార్లు అది అన్నిటికంటే ఇరుకైన 'ఫుల్' గీత దగ్గర, కదిలించి ఎన్నాళ్ళయిందో తెలియనంతగా బిగుసుకుపోయి ఉంటుంది. ఎందుకలా అని అడిగితే ఒకటే జవాబు: "దూరం కొడుతుంది కదండీ!" చోక్ తుపాకీకి కొత్త బలమేమీ ఇవ్వదు. పెల్లెట్ల (తూటాలోని చిన్న సీసపు గుండ్ల) గుంపు ఎంత దూరం దాకా చెదరకుండా వెళ్ళాలో నిర్ణయించడమే దాని పని. ఒక్క గీత దగ్గరే ఉంచదలచినవారికి ఇన్ని గీతల రింగు ఎందుకు?

ఆ పరికరం నిర్మాణం తెలిస్తే ముచ్చటేస్తుంది. గొట్టం చివర నిలువుగా చీల్చిన ఉక్కు పట్టీలు ఉంటాయి. బయటి రింగును తిప్పితే దాని ఏటవాలు అంచు వాటిని లోపలికి నొక్కుతుంది. పిడికిలి బిగుసుకున్నట్టు మూతి ఇరుకవుతుంది. గత శతాబ్దంలో పాలీ-చోక్ పేరుతో అమెరికాలో బాగా ప్రాచుర్యం పొందింది ఈ రకమే. తర్వాత మరచుట్టుతో బిగించే విడి ట్యూబులు వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి. అయినా ట్యూబులు, వాటిని బిగించే తాళంచెవి జేబులో వేసుకుని తిరిగే బాధ లేకపోవడం చిన్న సుఖమేమీ కాదు.

12 బోరు అనే సైజు షాట్‌గన్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అసలు ఇరుకే లేని సిలిండర్‌కూ, ఫుల్‌కూ మధ్య తేడా మిల్లీమీటరు కూడా ఉండదు, సుమారు 0.9. ఇంప్రూవ్డ్ సిలిండర్ అంటే పావు మిల్లీమీటరు, మాడిఫైడ్ అంటే అర. ఇంత చిన్న తేడా 20 గజాల దగ్గర ఏం చేస్తుందో చూడండి: సిలిండర్‌తో గుంపు దాదాపు 32 అంగుళాల వెడల్పున పరుచుకుంటే, ఫుల్‌తో 16 అంగుళాలకే కుంచించుకుపోతుంది. వెడల్పు సగమైతే వైశాల్యం నాలుగో వంతు అవుతుంది. అంటే దగ్గరి పిట్ట మీద ఫుల్ వాడే పెద్దమనిషి తన అవకాశాన్ని తన చేతులతోనే నాలుగో వంతుకు తెగ్గోసుకుంటున్నాడు. తప్పిపోయాక తూటాను తిడతాడు, గాలిని తిడతాడు, రింగు జోలికి మాత్రం పోడు.

ఒకవేళ తగిలిందా, ఇంకా ఘోరం. వేటకు చట్టం అనుమతించే చోట, తెచ్చిన పిట్టను తినాలి కదా! కాళ్ళ దగ్గర నుంచి లేచిన పూరేడును ఫుల్ చోక్‌తో కొడితే మిగిలేది ఈకలూ సీసమూ. గుంపు అంచు తగిలితే అది గాయంతో ఏ పొదలోకో పోయి చస్తుంది. దూరంగా ఎగిరే బాతు మీద వదులు చోక్‌తో కాల్చినా గాయపరచడమే, కాదనను. అయితే ఆ తప్పుకు మందు రింగు బిగించడం కాదు, అంత దూరం కాల్చకపోవడం. 40 గజాల దగ్గర 30 అంగుళాల వలయంలో ఫుల్ చోక్ కూడా సుమారు 70 శాతం పెల్లెట్లనే నిలుపుతుంది. ఆపైన ఏ గీతా ఎవరినీ కాపాడదు.

గాల్లోకి విసిరిన మట్టి పళ్ళాలను కాల్చే క్లే షూటింగ్‌లో ఈ పట్టుదల నాకు మరీ వింతగా తోస్తుంది. అందులో ఒక రకమైన స్కీట్‌లో పళ్ళాలు దాదాపు 21 గజాల దగ్గరే పగులుతాయి. అక్కడ రింగు మీది స్కీట్ గీతో సిలిండరో చాలు. ఇంకో రకమైన ట్రాప్ వేరు. పళ్ళెం మన నుంచి దూరంగా పారిపోతుంది కాబట్టి బిగింపు కావాలి. 27 గజాల హ్యాండిక్యాప్ (నేర్పరులను వెనక్కి జరిపి నిలబెట్టే చోటు) నుంచి కాల్చేవారు ఫుల్ పెట్టుకుంటే నేను నోరెత్తను.

ఇక గీతల మీద ఉన్న పేర్లను వేదవాక్కుగా నమ్మేవారితో ఇంకో పేచీ. అవి సూచనలు మాత్రమే. సీసం గట్టిదా మెత్తనిదా, తూటాలో మందుకూ పెల్లెట్లకూ మధ్య ఉండే ప్లాస్టిక్ వాడ్ ఎలాంటిది అన్నదాన్ని బట్టి ఒకే గీత రెండు రకాల తూటాలతో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. పెద్ద కాగితం కట్టి 40 గజాల నుంచి కాల్చి, చిక్కగా ఉన్న చోట 30 అంగుళాల వలయం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెట్టి, తూటాలోని మొత్తం పెల్లెట్లతో భాగించండి. విసుగు పనే. కానీ ఒక్క కాగితంతో సరిపెట్టుకోకండి, కనీసం నాలుగైదు కావాలి. ఉక్కు పెల్లెట్లయితే లెక్కంతా మారుతుంది. అమెరికాలో నీటి పక్షుల వేటకు సీసాన్ని 1991లో దేశమంతటా నిషేధించాక ఈ సంగతి చాలామందికి తెలిసివచ్చింది. ఉక్కు సీసంలా నలగదు. మాడిఫైడ్‌తోనే దాదాపు ఫుల్ అంత చిక్కని గుంపునిస్తుంది. పెద్ద ఉక్కు పెల్లెట్లను ఫుల్‌లోంచి పంపితే గొట్టం మూతి ఉబ్బే ప్రమాదం ఉంది. పాత సర్దుబాటు చోక్ ఉన్నవారు తయారీదారు అనుమతి చూడకుండా ఉక్కు జోలికి పోనేకూడదు.

నాకు నిజంగా ఒళ్ళు మండేది మరొకటి ఉంది. తుపాకీలో తూటా ఉండగానే మూతి దగ్గర చెయ్యి పెట్టి రింగు తిప్పేవారు! పిట్ట లేచేలోపు ఒక గీత మార్చుకుందామన్న తొందరట. తూటా తీసి, తుపాకీలో తూటా కూర్చునే గది ఖాళీ అని కళ్ళారా చూసి, అప్పుడు తిప్పండి. అంత తీరిక లేని చోట తిప్పనే అక్కర్లేదు.

అందం గురించి ఎగతాళి చేసేవారికి నా దగ్గర జవాబు లేదు. మూతి దగ్గర ఉబ్బెత్తు గడ్డ కనిపిస్తుంది, నిజమే. ముందు బరువు కాస్త పెరుగుతుంది. చీలికల్లో మసి, ప్లాస్టిక్ పేరుకుంటాయి కాబట్టి శుభ్రం చేయకపోతే రింగు పట్టేస్తుంది. వంకరగా బిగిస్తే గుంపు పక్కకు పోతుంది. పాత తుపాకీ గొట్టం కోసి దీన్ని పెట్టించాలంటే దాని విలువ పడిపోతుందని ముందే తెలుసుకోవాలి.

అసలు లోటు ఇంకొకటి. ఒకటి దగ్గరగా, ఒకటి దూరంగా వచ్చే జంట పళ్ళాల మధ్య రింగు తిప్పే వ్యవధి ఎవరికీ ఉండదు. రెండు గొట్టాల తుపాకీ ఉన్నవారు రెండు చోక్‌లతో హాయిగా కాలుస్తారు. ఒంటి గొట్టంతో నిలబడిన నేను మాత్రం ఇంప్రూవ్డ్ సిలిండర్ దగ్గరే ఉంచి, దూరంది మరీ దూరం కాకముందే దాన్ని మొదట కొడతాను.