తాతల కాలంలో ఆడవాళ్లు ఇంటిపట్టునే ఉన్నారా?

“మగవాడు సంపాదించాలి, ఆడది ఇల్లు చక్కదిద్దాలి. తాతల నాటి ఈ కట్టుబాటు ఉన్నన్నాళ్లూ కాపురాలు ప్రశాంతంగా సాగాయి.” ఈ సందేశం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి మూడోసారి వచ్చింది. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

ఆడవాళ్లు ఇంటిపట్టునే ఉన్నారట. మరి వరి నాట్లు వేసిందెవరు? కలుపు తీసిందెవరు? నేత ఇళ్లు చూడండి. పోచంపల్లి చీర నేసేది మగవాడనే పేరు. అసలు నూలు మగ్గం దాకా రావాలంటే ముందు ఆసు పోయాలి, అంటే నూలు పోగును మేకుల చుట్టూ తిప్పి చుట్టాలి. ఒక్క చీరకే గంటల తరబడి, చెయ్యి వేలసార్లు అటూ ఇటూ ఆడాలి. అది ఇంటి ఆడవాళ్ల పని. విడిగా కూలి లేదు, ‘సాయం’ అన్న మాటే దక్కేది. ఆలేరు దగ్గర శారాజీపేటలో తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆమెలాంటి తల్లులు అరిగిపోయేలా చేసిన చాకిరీని మనం సంపాదన కిందే జమకట్టలేదు.

పోనీ, ఆడామగా పని చెరిసగం పంచుకున్నారనుకుందామా అంటే, అదీ నిజం కాదు. ఆరేళ్లు దాటినవాళ్లను కేంద్రం 2019లో అడిగితే, జీతంలేని ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్లు నూటికి 26 మంది, ఆడవాళ్లు 81 మంది. ఆ చేసినవాళ్లలోనూ మగవాళ్లు రోజుకు 97 నిమిషాలు, ఆడవాళ్లు 299 నిమిషాలు.

ఇక మగవాడికి ఇందులో సుఖముందా? 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకుంటే, వాళ్లలో 1,22,724 మంది మగవాళ్లు. అన్నిటికీ ఈ కట్టుబాటే కారణమని అనను. కానీ అప్పుల సంగతి చెప్పుకుంటే చేతకానివాడని, ఏడిస్తే ఆడంగి అని మనమే కదా అన్నాం! అదే ఏడాది ఆత్మహత్య చేసుకున్న గృహిణులు 25,309 మంది. ఇదేనా ప్రశాంతత?

నెల్లూరు జిల్లా దూబగుంటలో మగవాళ్ల కూలి డబ్బులు సారాకే పోతుంటే రోశమ్మతో పాటు ఊరి ఆడవాళ్లు గడప దాటారు. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. సందేశం పంపిన మా బాబాయిదీ నెల్లూరు జిల్లాయే. ఆడవాళ్లు సారా కొట్లు మూయించడం ఆయన కళ్లారా చూసినవాడే.