టోపీ లేని టరెట్ దొరగారికి బెజవాడ నుంచి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ఎలివేషన్ టరెట్ దొరగారి (రైఫిల్ స్కోపు మీద, దెబ్బ పడేచోటును పైకీ కిందికీ జరిపే నాబ్ గారి) సముఖమునకు,

బెజవాడ, గుంటూరు ఎయిర్ రైఫిల్ జనం నమస్కరించి వ్రాసుకొను విన్నపం. ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి జీరో, అంటే గురిపెట్టిన చోటే దెబ్బ పడేలా కుదిర్చిన అమరిక, నిన్న సాయంత్రం వదిలిన చోటే ఉందని తలుస్తున్నాం. తలవడమే తప్ప నమ్మకం కుదరకే ఈ ఉత్తరం.

స్కోపు నడినెత్తిన నిలబడి, ఒంటినిండా గరుకు గళ్లు చెక్కించుకుని, చుట్టూ తెల్లంకెలు రాయించుకుని తమరు కొలువుతీరితే ఆ వైభవమే వేరు. పక్కనే పొట్టిగా, బుద్ధిగా నాబ్ మీద టోపీ (మరతో బిగించే మూత) పెట్టుకుని కూర్చున్న మామూలు స్కోపు వంక కొనేవాడు కన్నెత్తి చూడడు. తమరు వేళ్లకు అందుతారు, తిప్పితే టిక్కుటిక్కుమంటారు, ఫొటోలో బాగా పడతారు. ఇంతకంటే అర్హతలేం కావాలి?

కొలువు సంగతి సరే, పని సంగతి చూద్దాం. తమరు పుట్టింది దూరం మారినప్పుడల్లా తిప్పడానికి. మా దగ్గర ఎయిర్ రైఫిల్ ఎక్కువగా మోగేది 10 మీటర్లకు. కొలిచి సుద్దగీత గీస్తారు, అటు గురి కార్డు, ఇటు బల్ల. రోహిణి కార్తెలోనూ ఆ గీత అక్కడే ఉంటుంది, శ్రావణంలోనూ అక్కడే ఉంటుంది. జీరో ఒకసారి కుదిరాక తమరిని ముట్టుకోవాల్సిన పనే లేదు. ముట్టుకోకూడని దాన్ని అందరి చేతికీ తగిలేలా నెత్తిన నిలబెట్టుకోవడం ఏం తెలివో తమరే సెలవివ్వాలి. (ఒలింపిక్ పద్ధతి 10 మీటర్ల పోటీలోకైతే అసలు స్కోపునే రానివ్వరు, అద్దాల్లేని సన్న రంధ్రంలోంచి గురిచూసే పీప్ సైట్‌తోనే కాల్చాలి. అక్కడ తమరి ప్రసక్తే రాదు, బాధపడకండి.)

తమరి క్లిక్కుకు పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం). 100 మీటర్ల దగ్గర అది 7 మిల్లీమీటర్ల పైచిలుకు, 10 మీటర్ల దగ్గర 0.73 మిల్లీమీటరు. 4.5 మి.మీ. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) పెట్టిన చిల్లును దాని వెడల్పంత పక్కకు జరపాలంటే ఆరు క్లిక్కులు తిప్పాలి. మరి ఒకటీ రెండూ అటూ ఇటూ అయితే కొంపలేం మునుగుతాయని తమరు అడగొచ్చు. ఒకటీ రెండుతో ఆగితే మేమూ ఊరుకునేవాళ్లం. తమ వంశంలో చాలామందికి చుట్టుకు 60 క్లిక్కులు, అంటే 15 ఎంఓఏ. పూర్తి చుట్టు తిరిగిపోతే సున్నా అంకె మళ్లీ గీత ఎదురుగానే వచ్చి కూర్చుంటుంది, ఏమీ ఎరగనట్టు. పెల్లెట్ మాత్రం 10 మీటర్లకే 44 మిల్లీమీటర్లు పైకో కిందికో పోతుంది. కార్డు ఉండేదే 80 మి.మీ. చదరం, నడిమి నుంచి అంచుకు 40. నడిచుక్కకు గురిపెట్టి కాలిస్తే కార్డుకే తగలదు. వెనక అట్టకు చిల్లు పడుతుంది, కాల్చినవాడు పెల్లెట్ డబ్బాను తిడతాడు.

ఎలా తిరుగుతారో కూడా మనవి చేస్తాం. రైఫిల్‌ను గుడ్డ సంచిలో దూర్చి జిప్పు లాగేటప్పుడు లోపలి స్పాంజి తమరి గరుకు గళ్లను పట్టుకుంటుంది. సంచి భుజాన వేలాడుతూ బండి మీద మంగళగిరి మీదుగా గుంటూరు వెళ్తుంది, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా కొంచెం రుద్దుకుంటుంది. దిగి రైఫిల్‌ను బయటికి లాగినప్పుడు మిగిలిన పని పూర్తవుతుంది. దీనికి విరుగుడు జీరో స్టాపు, లాకు. కిందికి తిప్పుతూ పోతే జీరో దగ్గర గోడకు తగిలినట్టు ఆగాలి. పైకి లాగితేనే తిరగాలి, నొక్కితే బిగుసుకోవాలి. ఈ రెండూ ఉన్న తమరికి దణ్ణం పెడతాం. ఏదీ లేని వాళ్లకు మా మర్యాద ఏమిటంటే, నాబ్ మీద నుంచి గొట్టం మీదికి గోళ్లరంగుతో సన్నగీత, ప్రయాణంలో దాని చుట్టూ రెండు చుట్లు ఇన్సులేషన్ టేపు. గోళ్లరంగు గీత చిన్న జరుగుళ్లను పట్టిస్తుంది గానీ పూర్తి చుట్టును పట్టించదు. దానికి నాబ్ కింద గొట్టం మీది అడ్డగీతలు ఎన్ని కనిపిస్తున్నాయో లెక్కపెట్టాల్సిందే.

దుమ్ము గురించి గుంటూరు వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. తమరి అంచు కింది సందులోకి అది చేరితే క్లిక్కు మెత్తబడుతుంది, వేలికి టిక్కు తెలియదు, లెక్క తప్పుతుంది. అప్పుడు ఎవరో ఒకరు కుట్టుమిషను నూనె పట్టుకొస్తారు. దయచేసి పోయనివ్వకండి. లోపలి గ్రీజు పలచబడుతుంది, నూనెకు ఇంకాస్త దుమ్ము అంటుకుంటుంది. పొడి మెత్తటి బ్రష్ చాలు.

అంతమాత్రాన టోపీ పెట్టుకున్న తమరి తమ్ముణ్ణి నెత్తికెక్కించుకున్నామనుకోకండి. ఆయన టోపీ ఎప్పుడు చూసినా బల్ల కిందే ఉంటుంది. సన్నమర అల్యూమినియం, తొందరపడి అడ్డంగా ఎక్కిస్తే మర పోతుంది. ముందు వెనక్కి తిప్పాలి, మర దిగినట్టు వేలికి తెలిశాక ముందుకు బిగించాలి. వేళ్ల బిగువు చాలు, పట్టకారు వద్దు. లోపలి రబ్బరు రింగు ఎండిపోకుండా సిలికాన్ గ్రీజు పలచగా రాయాలి. టోపీ తీస్తే కొన్నింటికి నాణెం పట్టే గాడి ఉంటుంది, అందులో మన రూపాయి బిళ్ల ఆడితే గాడి అరుగుతుంది. సరిగ్గా పట్టే వెడల్పాటి స్క్రూడ్రైవరే నయం. ఇవన్నీ కలిపినా ఆయన తప్పులు చవక తప్పులు. సంచిలో ఆయన జీరో కదలదు. 10 మీటర్ల గీత దాటనివాళ్లకు మా ఓటు ఆయనకే.

తమరికి కొలువు ఉన్నదెక్కడంటే, ఒకే పూట 10, 25, 50 మీటర్ల దూరాల్లోని గురిబిళ్లలు కాల్చేచోట. స్కోపు బ్యారెల్‌కు నాలుగున్నర సెంటీమీటర్లు పైన ఉంటుంది గదా, మామూలు వేగమున్న రైఫిల్‌ను 25 మీటర్లకు జీరో చేస్తే 10 మీటర్ల దగ్గర పెల్లెట్ దాదాపు ఒక సెంటీమీటరు కిందికి తగులుతుంది. 50 దగ్గరా కిందికే, అదీ చాలా ఎక్కువ. అక్కడ తిప్పడమే న్యాయం. తమరి నడుముకు తెల్ల టేపు చుట్టి, ఒక్కో దూరానికి కాల్చి చూసి గీత పెట్టుకుంటారు. చెమట చేతులకు సిరా చెదురుతుంది కాబట్టి పైన పారదర్శక టేపు వేయాలి. పక్కనున్న విండేజ్ (దెబ్బను కుడి ఎడమలకు జరిపే నాబ్) మాత్రం టోపీలోనే ఉండనివ్వండి. గాలి క్షణానికోలా మారుతుంది, దానికి రెటికిల్ (స్కోపులో కనిపించే గురిగీతలు) మీద పక్కకు పట్టి కాల్చడమే పద్ధతి.

తమరి నెత్తిన పడే కొన్ని నిందలు అన్యాయమని మాకూ తెలుసు. బ్యారెల్ విరిచి పెల్లెట్ పెట్టే స్ప్రింగు రైఫిళ్లలో బ్యారెల్ కొంచెం కిందికి వాలి ఉండటం మామూలే. దాన్ని సరిచేయాలని తమరిని పైకి తిప్పీ తిప్పీ చివరంచుకు తెస్తారు. అక్కడ లోపలి గొట్టాన్ని నొక్కిపట్టే స్ప్రింగుకు పట్టు తగ్గి జీరో తిరుగుతుంది. దానికి కావాల్సింది వాలు సరిచేసే మౌంటు (స్కోపును రైఫిల్ మీద నిలిపే బిగింపు). పైగా ఆ రైఫిళ్లు వెనక్కీ ముందుకీ రెండుసార్లు కుదుపుతాయి. ఆ కుదుపుకు తగ్గట్టు తయారైన స్కోపు కాకపోతే తమరేం చేయగలరు, మౌంటు జారితే తమరేం చేయగలరు? ముందు స్కోపును పట్టుకునే రింగుల స్క్రూలు చూసుకోవాలి. వాటి బిగువు 15 నుంచి 18 ఇంచ్‌పౌండ్లు, అంతే.

కొలువులో చేరేముందు తమరికి ఒక పరీక్ష. 10 మీటర్లు, రైఫిల్ కింద ఇసుక సంచి, గురి మొదటి నుంచి చివరిదాకా ఒకే చుక్క మీద. మూడు పెల్లెట్లు. తర్వాత 40 క్లిక్కులు పైకి, మూడు. 40 కుడికి, మూడు. 40 కిందికి, మూడు. 40 ఎడమకు, మూడు. 29 మి.మీ. భుజాల చతురస్రం రావాలి, చివరి మూడూ మొదటి మూడింటి మీదే పడాలి. భుజాలు పొట్టిగా వస్తే తమరి పావు ఎంఓఏ పావు కాదు. చతురస్రం కుదిరి చివరివి ఇల్లు చేరకపోతే లోపల వదులుంది. అప్పుడు తమరిని టోపీ వారి కిందికి బదిలీ చేస్తాం.

ఇట్లు,
తమరి క్లిక్కులు లెక్కపెట్టుకునే
కృష్ణకు ఇటూ అటూ ఉన్న కాల్పరులు

తా.క.: జీరో కుదిరాక తమరి మూడు చిన్న స్క్రూలు వదులు చేసి, సున్నాను గీత ఎదుటికి తెస్తున్నాం. తిప్పేటప్పుడు టిక్కుమందంటే స్క్రూలు ఇంకా పూర్తిగా వదలనట్టే, జీరో కూడా కదిలినట్టే. తమరితో వచ్చిన అలెన్ కీ పోయింది. బజారులో దొరికిన అంగుళాల కీ మిల్లీమీటర్ల స్క్రూలో దూరినట్టే దూరి మూలలు అరగదీసింది. కీ ఒకటి, స్క్రూలు మూడు వెంటనే పంపగలరు.