సవరణ: అది ‘షిఫ్ట్’ కాదు, ‘ష్రిఫ్ట్’

ఇంగ్లిషులో ‘షార్ట్ షిఫ్ట్ ఇవ్వడం’ అంటే ఉద్యోగంలోంచి తీసేయడమనీ, మాదాపూర్ ఆఫీసుల్లో వినిపించే షిఫ్టే ఆ మాటలో ఉందనీ కిందటి వారం రాశాను. రెండూ తప్పే.

అసలు మాట ‘షార్ట్ ష్రిఫ్ట్’. ష్రిఫ్ట్ అంటే క్రైస్తవ గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం. మరణశిక్ష పడినవాడికి అందుకు దక్కేది కొద్ది నిమిషాలే. షేక్‌స్పియర్ ‘మూడో రిచర్డ్’ నాటకంలో తల నరకడానికి ముందు హేస్టింగ్స్ అనే ప్రభువును తొందరపెట్టేది ఈ మాటతోనే. ఎంత కర్కశమైన తొందర!

ఇప్పటి అర్థం వేరు: ఎదుటివారి మాట సరిగా వినకుండానే తోసిపుచ్చడం. అర్జీని చదవకుండా కౌంటరులోంచి వెనక్కి నెడితే అది షార్ట్ ష్రిఫ్ట్. అందులో ఎవరి ఉద్యోగమూ పోనక్కరలేదు. తెలుగులో ‘పెడచెవిన పెట్టడం’ కొంత దగ్గరే కానీ, ‘పూచికపుల్లలా తీసిపారేయడం’లో ఉన్న విసురు దానికి లేదు.

కొలువు పోవడానికి మనకు ‘ఉద్వాసన’ ఉండనే ఉంది. అదీ పూజలోంచి వచ్చిన మాటే. హుస్సేన్‌సాగర్‌కు బయలుదేరే ముందు వినాయకుడికి చెప్పేది అదే కదా.

ఇంటర్వ్యూకు సిద్ధమవుతున్న ఒక అమ్మాయి నా పాత వివరణను నోట్సులో రాసుకుందట. అమ్మా, దయచేసి దాన్ని కొట్టివేసి ఇది రాసుకో.